ఎర్ర నేల మీద నాలుగు మచ్చలు

“అగ్గిపెట్టి ఏదత్తా?”

“గూట్లోనే ఉన్నాది, సూడు.”

“పెట్టి ఉన్నాది. పుల్ల నేదు.”

చిట్టెమ్మ గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోందేమో, మాట ముద్దముద్దగా వచ్చింది. విజయనగరం వదిలి ఖరగ్‌పూర్ వచ్చి ముప్పై ఏళ్లయినా ఆ అలవాటు మాత్రం ఆమెను వదల్లేదు.

“ఒక్క పుల్లుండీది. గీసినాను. ఏటిప్పుడు?”

“పొయ్యి దేంతో ఎలిగించమంటావు? నీ సుట్టతోనా?”

“ఎలిగిస్తే ఎలగదేటి? మీ మావ డూటీకి ఎల్లీ రోజుల్లో నాను ఎన్నిమార్లు ఎలిగించినాను!”

అప్పలనర్సమ్మ ఖాళీ పెట్టెను అత్త ఒళ్లోకి విసిరేసింది. అది తగిలింది కూడా లేదు, చిట్టెమ్మ మాత్రం రాయి తగిలినట్టే “ఓలమ్మోలమ్మ!” అని అరిచింది. లోపల గడ్డం గీసుకుంటున్న ఎర్రయ్య సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు.

“పొద్దుటే మొదలెట్టీసినారా? ఒక్క అగ్గిపుల్ల కోసమా?”

“అగ్గిపుల్ల కోసమే” అంది నర్సమ్మ.

అగ్గిపుల్ల కోసం కాదని ముగ్గురికీ తెలుసు. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఉప్పు గురించీ, నీళ్ల బిందె గురించీ, తలుపు గడియ గురించీ రగడలు జరుగుతున్నాయి గాని, పన్నెండు రూపాయల మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

ఆ పన్నెండు రూపాయలూ మలంచా పేటలో, రైల్వే వర్క్‌షాపు గుమాస్తా వెంకటరావు గారింట్లో ఉండిపోయాయి. దుర్గా పూజలు వస్తున్నాయంటే ఊళ్లో ఇళ్లన్నిటికీ సున్నాలు పడతాయి. సున్నం పడ్డ ఇంటిని కడిగి నిలబెట్టడం నర్సమ్మ పని. నెల జీతానికి ఒకరి గుమ్మంలో చేసేది కాదు. ఇల్లంతా తిరిగి చూస్తుంది, ఇంతవుతుందని చెబుతుంది, ఒప్పుకుంటే కొంగు బిగిస్తుంది. తోడు పక్క సందులోని ఎలీసమ్మ. వచ్చినదాంట్లో చెరి సగం. వెంకటరావు గారింట్లో ఇద్దరూ రెండు రోజులు మోకాళ్ల మీద కూర్చుని, కొబ్బరి చిప్పతో సున్నం బొట్లు గీకి, ఆ ఎర్ర సిమెంటు నేలను ముఖం కనబడేలా తుడిచి వచ్చారు. మర్నాడు కూలి డబ్బుల కోసం వెళితే వెంకటరావు గారి భార్య సీతారత్నం నేల మీద తెల్లటి మచ్చలు చూపించి, ఆసిడ్ పోసి నేల పాడుచేశారంది. పన్నెండు ఒప్పుకున్న చోట నాలుగు రూపాయలూ, మీద ఒక పాత చీరా ఇవ్వబోయింది. నర్సమ్మ ఆ రెండూ గుమ్మం మీదే పెట్టి తిరిగి వచ్చేసింది.

“ఆ సీర పట్టుకొచ్చీసి ఉంటే ఈ గోలుండీది కాదు” అన్నాడు ఎర్రయ్య చివరికి.

నర్సమ్మ పొయ్యి ముందు కూర్చుని వెనక్కి తిరగలేదు. “సీర కట్టుకోమంటావా, వండుకోమంటావా?”

“ఎటకారమొద్దు. నిన్న నన్ను ఆపీసులో టేబులు కాడికి పిలిసినాడు.”

“ఎవుడు?”

“ఎవుడేటి? వెంకటరావు గారు. ‘ఏమయ్యా ఎర్రయ్యా, మీ ఆవిడ మా ఇంటి మీదికొచ్చి గొడవ చేస్తోందట’ అన్నాడు. నవ్వుతానే అన్నాడు. నవ్వుతానే లిస్టు ఫైలు ఇటు నుంచి అటెట్టినాడు.”

చిట్టెమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. ఆ ఇంట్లో లిస్టు అంటే ఒకటే లిస్టు. పదకొండేళ్లుగా వర్క్‌షాపులో కలాసీగా సామాను మోస్తున్న ఎర్రయ్యకు ఈసారి ఫిట్టరు పరీక్షకు వెళ్లే వరస వచ్చింది. ఎనిమిది మందిని పంపుతారు. ఆ ఎనిమిది పేర్లూ తీర్చి రాసేది వెంకటరావు గారి చెయ్యి. రేపు పదిగంటలకు ఆ కాగితం పైకి వెళుతుంది.

“నువ్వేటన్నావు?” అంది నర్సమ్మ.

“ఏటంటాను? సెబుతాను బాబూ అన్నాను.”

“ఏటి సెబుతానన్నావు?”

ఎర్రయ్య ముఖం మీది నురగ ఆరి పెచ్చులు కడుతోంది. లోపలికి వెళ్లి గడ్డం రెండో వైపు గీసుకున్నాడు. కత్తి గరగర బయటికి వినబడింది. టీ కూడా తాగకుండానే వర్క్‌షాపుకు వెళ్లిపోయాడు.

అతను సందు మలుపు తిరిగాడో లేదో ఎలీసమ్మ వచ్చింది. ఏడున్నరకి నిమ్‌పురా పేటలో రైలు గార్డు గారింట్లో ఉండాల్సిన మనిషి, చేతిలో బకెట్టు ఊపుకుంటూ వెనక్కి వచ్చేసింది.

“గార్డు గారమ్మ వద్దన్నాది నర్సమ్మా.”

“ఏల?”

“‘ఆసిడ్ పోసేవాళ్లు మాకొద్దు తల్లీ, మా నేల మాకు కావాలి’ అన్నాది. ఎవరన్నారమ్మా అంటే మలంచా నుంచి వచ్చిన మాటన్నాది. ఆ పక్కింటివాళ్లు నన్ను చూసి తలుపే వేసుకున్నారు.” ఎలీసమ్మ బకెట్టు దించి దాని మీదే కూర్చుంది. “పూజలు పది రోజులున్నాయి. ఈ పది రోజులే గదా మనకి పంట. ఇది పోతే చలికాలం ఏటి తింటాం?”

నర్సమ్మ లేచింది. తలకు గుడ్డ చుట్టుకుంది.

“ఎక్కడికే?” అంది చిట్టెమ్మ.

“మలంచా.”

“ఎల్లి? నాలుగు తిట్టి ఒస్తావా? ఆడు మీ ఆయన పేరు కొట్టీసి ఊరుకుంటాడు. తిట్టు నీది, దెబ్బ నా కొడుకుది.”

“తిట్టడానికి కాదత్తా. ఆ పొద్దు కోపంలో మచ్చలు తిన్నగా సూడనేదు నాను. సూసొస్తాను.”

తాముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులు దాటి ఇద్దరూ పెద్ద రోడ్డెక్కారు. రోడ్డు పక్క పందిరికి వెదుళ్లు పాతుతున్నారు. బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ములోనే నర్సమ్మ ఆగింది.

“ఒదినా, ఒక్క మాట. కోపం తెచ్చుకోకు. ఆల బాత్రూములో ఆసిడ్ సీసా ఉన్నాది. బొట్లు వదలకపోతే బేగి అవ్వాలని ఒక్క సుక్కేమైనా...”

ఎలీసమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

“ఆరేళ్లయింది నీతో కలిసి మోకాళ్లరగదీసుకుంటూ” అంది. “నువ్వే అడిగినావు. ఇంక గార్డు గారమ్మను అని లాభమేటి?”

“నాను అడక్కపోతే అక్కడ ఆయమ్మ అడిగినప్పుడు నా నోట మాట రాదు. అందుకడిగినాను.”

“పొయ్యలేదు. ప్రభువు తోడు. సీసా మూత కూడా తీయలేదు. సరేనా?”

“సరే.”

“సరే అంటే చాలదు. ఇంటికెళ్లాక దెబ్బలాడతాను నీతో.”

“ఆడుదువుగాని. నడు.”

సీతారత్నం తలుపు సగమే తీసింది. పచ్చటి మనిషి, ముప్పై దాటలేదు. వేలికి అంటిన పిండిని కొంగుకు తుడుచుకుంటూ, “మళ్లీ వచ్చావా?” అంది. “నీ నాలుగు రూపాయలూ, చీరా అలాగే ఉన్నాయి. నేనేం వాడుకోలేదు. పట్టుకుపో.”

“డబ్బులకి రానేదమ్మగారూ. మచ్చలు సూడ్డానికొచ్చినాను.”

“చూసి ఏం చేస్తావు? చెరిపేస్తావా?”

“ఎందువల్ల వచ్చినాయో తెలిస్తే గదా సెరిపీది.”

ఆ మాటకు సీతారత్నం తలుపు వెయ్యబోయింది గాని, నర్సమ్మ అప్పటికే కాళ్లు కడుక్కుని, తడి తుడుచుకుని గుమ్మం దాటింది. కడిగే ఇంట్లోకి మట్టికాళ్లతో వెళ్లడం ఆమెకు చేతకాదు, దెబ్బలాటకు వచ్చినా సరే.

పడమటి గదిలో మంచం గోడ వారకు జరిపి ఉంది. మధ్యలో ఎర్రటి నేల మీద నాలుగు తెల్ల మచ్చలు. నర్సమ్మ వాటి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఒక మచ్చ చుట్టూ వేలితో గీసింది. రెండోదాని చుట్టూ గీసింది. లేచి, అడుగులో అడుగు వేసి వాటి మధ్య దూరం కొలిచింది. ఎలీసమ్మ గుమ్మంలోంచే చూస్తోంది.

“ఆసిడ్ అయితే సిమ్మినట్టు పడాలి కదమ్మగారూ. బొట్లుబొట్లుగా, గుండ్రంగా. ఇయి నాలుగూ నాలుగేసి మూలలతో తిన్నగా ఉన్నాయి. తాపీవోడు గీత గీసి వేసినట్టు.”

“అదంతా నాకు తెలీదు. మీరు కడిగారు, మచ్చలు వచ్చాయి. మీరు కడక్కముందు లేవు.”

“ఆ సాయంత్రం మంచం వేసినారా?”

సీతారత్నం మంచం వైపు చూసింది.

“నాను సెప్పినాను. తడి పూర్తిగా ఆరాలి, రేపు పొద్దున్న దాకా ఈ గదిలో మంచం వెయ్యొద్దు అని సెప్పినాను. ఒదిన కూడా ఉన్నాది.”

“వాల్తేరు నుంచి మా మరిది వచ్చాడు. వచ్చినవాణ్ని నేల మీద పడుకోమంటానా?”

“మంచం మీదే పడుకోబెట్టండి, బాబుగారిని నేల మీద ఎందుకు పడుకోబెడతారు. మంచం కోళ్ల కింద ఇటికలెట్టినారా?”

ఇటుకలు పెట్టని మంచం ఆ ఊళ్లో ఏ ఇంట్లోనూ లేదు. ఇరుకు ఇళ్లు. కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి మంచం ఎత్తు చేస్తే కింద ట్రంకుపెట్టెలు పడతాయి. ఆ ఇటుకలే కిటికీ కింద పేర్చి ఉన్నాయి, తెల్లగా తళతళలాడుతూ. పండక్కి శుభ్రంగా కనబడాలని సీతారత్నం సున్నాలవాడి చేత మిగిలిన సున్నం వాటికి కొట్టించింది. ఆ పచ్చి సున్నం ఇటుకల్ని తడి నేల మీద పెట్టి, పైన ఒక మనిషిని పడుకోబెడితే నేల ఊరుకుంటుందా?

నర్సమ్మ వెళ్లి ఒక ఇటుక తెచ్చింది. ఒక మచ్చ మీద పెట్టింది. చీర అంచుకు అంచు కలిపినట్టు సరిపోయింది. ఆ తరవాత ఇంకో మచ్చ మీద వేలు తడిచేసి రుద్ది, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది.

“ఛీ! అదేం పని?” అంది సీతారత్నం.

“రోజూ కిళ్లీలో తినీదే గదమ్మగారూ. సున్నం. ఆసిడ్ అంటే నా నాలిక కాలిపోవాలి. మీరు సూస్తారా?”

సీతారత్నం ముఖం మొదట ఎర్రబడి, తరవాత పాలిపోయింది. మేడ మీద ఎవరో నడుస్తున్న చప్పుడైంది. ఆమె చటుక్కున వెళ్లి మెట్ల వైపు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది.

“నర్సమ్మా, విను. పైన ఉండేది ఇంటావిడ, ఈ ఇల్లు వాళ్లదే. మచ్చలు చూసేసింది. నేల అంతా తవ్వించి కొత్తది పోయించుకుంటాం, డబ్బు మీరిస్తారా, ఖాళీ చేస్తారా అంది. క్వార్టరు వచ్చేదాకా మాకు ఈ ఇల్లే గతి. ఇటుకలకి సున్నం కొట్టించింది నేనే అని తెలిస్తే మా ఆయన నన్ను బతకనివ్వరు.”

“అందుకని మా మీద ఎట్టినారా?”

“అయిందేదో అయింది. పదిహేను ఇస్తాను. పన్నెండు కాదు, పదిహేను. ఆవిడ అడిగితే ఆసిడ్ పొరపాటున ఒలికిందని ఒక్క మాట అను. మీ ఆయన సంగతి కూడా ఈయనతో చెబుతాను. నీకు పోయేదేముంది చెప్పు?”

నర్సమ్మకు వెంటనే కోపం రాలేదు. ఆ అడిగిన తీరు చూస్తే జాలి కూడా వేసింది. అమ్మగారు నిజంగానే అడుగుతోంది. తమలాంటి వాళ్లకు పోయేందుకు ఏదైనా ఉంటుందని ఆమెకు తోచలేదు, అంతే.

“నాకున్నాది అదొక్కటేనమ్మగారూ” అంది. “బూమి నేదు, బంగారం నేదు, నెల జీతం నేదు. నర్సమ్మ కడిగితే నేల బాగుంటాదన్న మాట ఒక్కటి ఉన్నాది. అది పట్టుకునే గుమ్మాలెక్కుతన్నాను. దాన్ని పదిహేను రూపాయలకి అమ్మీమంటే, రేపట్నుంచి ఏటి పట్టుకుని ఎక్కమంటారు?”

“అబ్బో, మాటలు బాగానే నేర్చావు.”

“పని కూడా బాగానే నేర్సినాను. కిందనున్నాది సూడండి.”

వేసిన తలుపు తెరుచుకుంది. ఇంటావిడ దిగి వచ్చింది. లావుపాటి బెంగాలీ ముసలావిడ, కొంగుకు తాళాల గుత్తి. “కీ హోలో?” అంది, ఏమైందంటూ ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి.

సీతారత్నం నర్సమ్మ వైపు చూసింది. ఆ చూపులో బెదిరింపు ఉంది, బతిమాలడం ఉంది. ఏది ఎక్కువో చెప్పడం కష్టం. నర్సమ్మకు ఆ క్షణంలో గుర్తొచ్చింది ఎర్రయ్య ముఖం, ఒక చెంప మీద ఆరిపోయిన నురగతో.

“మాసీమా, దేఖో” అంది తనకు వచ్చిన అరకొర బెంగాలీలో. “ఆసిడ్ నయ్. చూన్.” ఆసిడ్ కాదు, సున్నమని ఇటుక ఎత్తి చూపించింది, మచ్చ మీద పెట్టి చూపించింది, తీసి రెండోదాని మీద పెట్టి చూపించింది. మిగతాదంతా చేతులే చెప్పాయి.

ఇంటావిడ వంగి ఇటుకను వేలితో గీరి చూసుకుంది. సీతారత్నాన్ని ఒక్క మాట కూడా అనలేదు. రేపు సాయంత్రం ఇంటాయన కటక్ నుంచి వస్తారు, వెంకట్‌బాబును పైకి రమ్మను, అని మాత్రం చెప్పి మెట్లెక్కింది. తాళాల చప్పుడు పై గది దాకా వినబడింది.

“తృప్తిగా ఉందా?” అంది సీతారత్నం. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మీరు ఏడిస్తే నాకు తృప్తేటి అమ్మగారూ. పన్నెండు రూపాయలిప్పించండి.”

“ఆయన్నే అడుక్కో. మీ ఆయన్ని పంపించి అడిగించుకో.”

“నేల కడిగింది నాను. అడిగీది నాను.” గుమ్మం దిగి నర్సమ్మ వెనక్కి తిరిగింది. “ఆ మచ్చలు పోతాయి. నేల తవ్వించక్కర్లేదని ఇంటాయనకి సెప్పండి. చింతపండు పులుసుతో రుద్ది, మూడు రోజులు కొబ్బరినూనె పట్టించాల. అది వేరే పని, దానికి రెండు రూపాయలవుతాది. ముందరి పన్నెండూ ఇచ్చినాక కబురెట్టండి.”

రోడ్డు మీదికి వచ్చాక ఎలీసమ్మకు నవ్వాగలేదు. “రెండు రూపాయలవుతాదా! అంత గొడవలో బేరం కూడా ఆడినావు!” అని నవ్వి నవ్వి, హఠాత్తుగా ఆపేసింది.

“నర్సమ్మా. మీ ఆయన లిస్టు?”

నర్సమ్మ నడుస్తూనే ఉంది.

దీపాలు పెట్టే వేళకు ఎర్రయ్య ఇంటికి వచ్చాడు. రోజూకన్నా ముందే వచ్చాడు, పైగా చిన్నగా ఈల వేస్తూ వచ్చాడు. అత్తాకోడళ్లు ముఖాముఖాలు చూసుకున్నారు. పొద్దున్న మాట్లాడకుండా వెళ్లినవాడు ఇప్పుడు స్నానం చేసి, ఎలీసమ్మను కూడా భోజనానికి పిలవమన్నాడు.

నలుగురూ కూర్చున్నారు. వంకాయ, ఎండురొయ్యల పులుసు. చిట్టెమ్మ వడ్డించింది. ఎర్రయ్య రెండు ముద్దలు తిన్నాక ఎడం చేత్తో చొక్కా జేబులోంచి ఒక పదినోటూ, రెండు ఒంటి నోట్లూ తీసి నర్సమ్మ కంచం పక్కన పెట్టాడు.

“లెక్కెట్టుకో. పన్నెండు.”

“ఎవులిచ్చినారు?”

“ఆయనే. మజ్జానం బోజనానికి ఇంటికెళ్లొచ్చి, సాయంకాలం పిలిసి ఇచ్చినాడు. కేకల్నేవు, తిట్లు నేవు. ‘మా ఆడవాళ్లకు తొందరెక్కువ ఎర్రయ్యా, మనసులో పెట్టుకోకు’ అన్నాడు. ఎనిమిదో పేరు నాదేనట. నా ఎదరే రాసినాడు.”

చిట్టెమ్మ చేతిలో గరిట ఆగింది. “నీ నోట పంచదార పొయ్యా! ఇంకో రవ్వ పులుసెయ్యనా?”

“నీ కోడలికెయ్యి. మొత్తానికి సాధించినాది.” ఎర్రయ్య భార్యకేసి చూసి నవ్వాడు. పెళ్లయిన కొత్తలో నవ్విన నవ్వు. “ఒకటే. రసీదు మీద ఏలుముద్ర ఏసి ఇమ్మన్నాడు. రేపు పదింటి లోపల. డబ్బులు ముట్టినాయని. అంతే.”

మడిచిన కాగితం ఒకటి నోట్ల మీద పెట్టాడు.

నర్సమ్మ దాన్ని విప్పింది. ఇంగ్లీషు. టైపు కొట్టి ఉంది. కింద చోటు వదిలి ఉంది, వేలిముద్రకు. పన్నెండు రూపాయలు ముట్టాయని చెప్పడానికి అన్ని వరుసలెందుకో ఆమెకు అర్థం కాలేదు. కాగితాన్ని ఎలీసమ్మ వైపు జరిపింది. ఎలీసమ్మ ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇంట్లో ఆయాగా చేసింది. ఆ పిల్లలతోపాటు కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేది.

ఎలీసమ్మ చెయ్యి కడుక్కుని, దీపం దగ్గరికి జరిగి, వేలు పెట్టి వరుస వెంట నడిచింది.

“నీ పేరున్నాది. ఇదిగో, ‘ట్వెల్వ్ రుపీస్’. అది పన్నెండు. ఇది నాకు రావడం లేదు, పొడుగు మాట.” వేలు ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడికే వచ్చింది. “ఇది మాత్రం తెలుసు.”

“ఏటది?”

“ప్రతి బాత్రూములో సీసా మీద చూస్తాం గదే. ఆసిడ్.”

పక్కింట్లో రేడియోలో బెంగాలీ వార్తలు చదువుతున్నారు.

“ఒక్కసారి కాదు. రెండు చోట్ల ఉన్నాది” అంది ఎలీసమ్మ మెల్లగా.

నర్సమ్మ భర్తను చూసింది. అతని నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోవడానికి దారి తెలియక ముఖం మీదే నిలబడిపోయింది.

“కూలి ముట్టిన రసీదులో ఆ మాట ఎందుకున్నాది మావా?”

“నాకేటి తెలుసు. రసీదన్నాడు.”

“రేపు సాయంకాలం ఇంటాయన వస్తాడు. ఆయనకి సూపించడానికి. ‘ఇదిగో, కడిగిందే ఒప్పుకున్నాది, నేలకి డబ్బులు దానికాడ వసూలు సేసుకోండి’ అనడానికి. నిన్ను పంపినాడు నా ఏలు అడగడానికి.”

“నాకు తెలీదన్నాను గదా!” కంచం ఎగిరి పడేలా అరిచాడు ఎర్రయ్య. తరవాత గొంతు పడిపోయింది. “పదకొండేళ్లే నర్సా. బోల్టులు మోసి మోసి బుజం కాయలు కట్టినాది. సేతిలో పని ఉన్నాది, పేరు నేదు. ఒక్క ముద్ర. ఏసీసి మర్సిపోతే ఏటి పోద్ది?”

అదే మాట. పొద్దున్న అమ్మగారి గదిలో విన్నది, ఇప్పుడు తన కంచం ముందు. అక్కడైతే జవాబు తేలిగ్గా వచ్చింది. ఇక్కడ ఆ భుజం మీది కాయలు ఆమెకు తెలుసు. వాటికి ఆముదం రాసేది ఆమే.

ఎలీసమ్మ లేవబోయింది. “నేనెళ్తాను. మీరు మీరు మాట్లాడుకోండి.”

“కూకో ఒదినా. ఇది నీ మాట కూడాను.” నర్సమ్మ పదినోటు మీద రెండు ఒంటి నోట్లూ సర్ది, ఎలీసమ్మ వైపు చూసింది. “ఇందులో ఆరు నీయి. రేపు చిల్లర మార్పించి ఇస్తాను. ఇది కడిగినందుకొచ్చిన డబ్బు. ఇది మనం తిరిగిచ్చీది నేదు.”

“మరి కాగితం?” అంది చిట్టెమ్మ.

“కాగితం రేపు నానే పట్టికెళ్తాను.”

ఎర్రయ్య తలెత్తాడు.

“మీ వర్క్‌షాపు గేటు కాడికే వస్తాను. ఆయన్ని బయటికి పిలిపిస్తాను. బాబూ, పన్నెండు ముట్టినాయి అని నలుగురి ముందర నోటితో సెప్తాను. ఇందులో ఏటి రాసినారో ఆయన సేతే గట్టిగా సదివిస్తాను, తెలుగులో. ఏలుముద్ర మాత్రం ఎయ్యను. ఇంకోటి కూడా సెప్తన్నాను, ఇంటిల్లిపాదీ వినండి. రేపట్నుంచి ఏ ఇంట్లోనైనా సగం డబ్బులు ముందర, సగం నేల ఆరక మునుపు. చీరలొద్దు, సద్దికూడొద్దు. ఒప్పుకున్నోళ్లకే బకెట్టు దించుతాను.”

“ఎవులు పిలుస్తారే అలగంటే?” అంది చిట్టెమ్మ. 

“పిలవనోళ్లు ఆళ్ల నేల ఆళ్లే కడుక్కుంటారు.”

“నా పేరు కొట్టీస్తాడు” అన్నాడు ఎర్రయ్య. అరుపు లేదు. ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు.

“కొట్టీవచ్చు” అంది నర్సమ్మ. ఆమె కళ్లు దించుకోలేదు. “నీ సేతిలో పని ఉన్నాదన్నావు గదా మావా. నా సేతిలోనూ ఉన్నాది. నాది అబద్ధమని రాసిచ్చి, నీది నిజమని ఎలగ రాయించుకుంటాం?”

చిట్టెమ్మ గరిటను గిన్నెలో పెట్టేసింది. కొడుకు వైపా, కోడలి వైపా అన్నట్టు ఇద్దర్నీ చూసి, ఎటూ తేల్చుకోలేక ఎలీసమ్మ కంచంలో అన్నం వేసింది. అడక్కుండానే, గుట్టగా.

ఎర్రయ్య కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. మెతుకులు వేళ్ల మీద ఆరిపోయాయి. లేచి వెళ్లిపోతాడనుకున్నారు ముగ్గురూ. లేవలేదు.

“పదింటికి లిస్టు పైకెళ్లిపోద్ది” అన్నాడు. “ఆ తరవాత ఎవులొచ్చినా ఆయన టేబులు కాడ ఉండడు. రావాలంటే తొమ్మిదిన్నరకి రా.”

అతను మళ్లీ అన్నాడు, కంచంలోకే చూస్తూ:

“గేటు కాడ నన్ను మాత్రం పిలవకు. నీ పక్కకొచ్చి నిలబడతానో, తల దించుకుని లోపలే ఉండిపోతానో, నాకే తెలీదు.”